సాలీడు పాకిన పెదవి

“పెదవి మీద ఎప్పుడైనా జ్వరపు పొక్కులు లేచాయామ్మా?” అని అడిగింది రాజ్యం, సూది మిషను పక్కన పెట్టి.

పెదవులకి పచ్చబొట్టులా, ఏళ్ళ తరబడి పోకుండా రంగు ఎక్కించడం చెన్నైలో నేర్చుకొచ్చి, రెండువేల ఆరులో ఏలూరులో పార్లరు తెరిచింది రాజ్యం.

కుర్చీలో వెనక్కి వాలిన సిల్వియా అక్క వైపు చూసింది. ఏ ప్రశ్నకైనా జవాబు అక్క మొహంలో వెతుక్కోవడం ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

అక్క పెర్సిస్ పక్కనే స్టూలు మీద కూర్చుంది. బీఫార్మసీ చదివి, ఏలూరులోనే ఒక మందుల షాపులో పనిచేస్తోంది. చెల్లెల్ని మండవల్లి నుంచి బస్సులో తీసుకొచ్చింది ఆమే. ఇష్టపడి కాదు, అమ్మ పోరు పడలేక.

“ఎందుకడుగుతున్నానంటే, ఒకసారి వచ్చినోళ్ళకి సూది తగిలితే మళ్ళీ లేస్తాయండి. డాక్టరు చేత మాత్రలు రాయించుకుని రెండ్రోజుల ముందే మొదలెడితే రావు. వచ్చుంటే చెప్పండి, ఎల్లుండి చేద్దాం. పొక్కులు లేచాయంటే రంగంతా పెచ్చులుపెచ్చులుగా ఊడిపోద్దండి.”

“పోయిన వేసవిలో ఇక్కడ గుత్తిగా లేచాయండి” అని సిల్వియా పెదవి అంచు చూపించింది. “కానీ అది సాలీడు పాకి వచ్చిందండి. అమ్మ పసుపూ వేపాకూ నూరి రాసింది. అంతేగా అక్కా?”

ఆ వైపు ఊళ్ళలో పెదవి మీద పొక్కులు లేస్తే నేరమంతా సాలీడుదే. నిద్రలో మొహం మీద పాకిందంటారు. వేపాకు రాస్తారు, దుప్పట్లు దులుపుతారు, ఇంట్లో బూజు కూడా దులుపుతారు. ఆ సాలీడుకి ఈ సంగతేమీ తెలియదు పాపం.

పెర్సిస్‌కి మాత్రం తెలుసు. కాలేజీలో లెక్చరరు విడమరిచి మరీ చెప్పాడు. సాలీడు పొక్కులన్నా జ్వరపు పొక్కులన్నా ఒకటే. మాత్ర పేరు కూడా తెలుసు. షాపులో ఏ అరలో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

చెబుదామని నోరు తెరిచింది. అప్పుడే ఆనంద్ పాల్ గుర్తొచ్చాడు.

తాడేపల్లిగూడెం నుంచి అతను పెళ్ళిచూపులకి వచ్చిన రోజున పెర్సిస్ కొత్త పట్టుచీర కట్టుకుని కాఫీ అందించింది. కప్పు అందుకున్నాడు గాని, అతని చూపు ఆమెను దాటిపోయి గుమ్మంలో నిలబడ్డ సిల్వియా మీద ఆగింది. సిల్వియా దేనికో పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు.

“మీ చెల్లెలు నవ్వితే ఇల్లంతా దీపాలు పెట్టినట్టుందండీ” అన్నాడు. అదీ పెర్సిస్‌తోనే!

మూడో రోజున మధ్యవర్తి క్రీస్తుదాసు ఫోన్ చేసి, అబ్బాయి ఒప్పుకున్నాడని చెప్పాడు. నాన్న వరదానం మేష్టారు మోకరించి ప్రార్థన చేశారు. అమ్మ ఎలిజబెత్ వీధంతా లడ్డూలు పంచింది. పెర్సిస్ గదిలోకి పోయి తలుపేసుకుంది.

అప్పటి నుంచీ వారం వారం ఆనంద్ పాల్ ఫోన్. సిల్వియా ఎత్తితే పది నిమిషాలు నవ్వులు. పెర్సిస్ ఎత్తితే “బాగున్నారా అండీ” అని రెండు ముక్కలు.

చదువులో, వంటలో, కుట్టుపనిలో అన్నిటా తనే ముందు. అయినా ఎవరింటికెళ్ళినా మొదటి పలకరింపు చెల్లెలికే. ఆ పిల్లకి ఉన్న ఒకే ఒక్క లోటు కింది పెదవి మీద తెల్లమచ్చ. చిన్నప్పుడు వేడిపాలు పడి కాలింది. ఆ మచ్చంటే పెర్సిస్‌కి ప్రాణం. ఇవాళ అదీ పోతోంది. పోతే ఇక తనకంటూ మిగిలేదేముంది?

ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

“అవునండీ, సాలీడే” అంది పెర్సిస్ నిదానంగా. “జ్వరపు పొక్కులు వేరండీ. నేను రోజూ చూసేవే కదా.”

“మందులు చదువుకున్నోరు, మీరే చెప్పాక ఇంక నాకేం భయమండీ” అని రాజ్యం మిషను ఆన్ చేసింది.

రెండు గంటల తర్వాత చూస్తే మచ్చ జాడ లేదు. సిల్వియా అద్దం చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఈసారి ఫోటోల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కా!” అని వాటేసుకుంది.

పెళ్ళికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

నాలుగో రోజు పొద్దున్నే పొక్కులు లేచాయి. రెండు పెదవుల మీదా, గుత్తులు గుత్తులుగా. “మళ్ళీ సాలీడు పాకిందే!” అని ఎలిజబెత్ పరుపులన్నీ ఎండలో వేసి, వేపాకు నూరడానికి కూర్చుంది. ఆరో రోజుకి రంగు పెచ్చులుగా లేచిపోయి, పుళ్ళ మధ్య మచ్చ మళ్ళీ బయటపడింది.

“ఈ మొహంతో చర్చికి ఎలా రానక్కా?” సిల్వియా దిండులో తల దూర్చి ఏడ్చింది. “మీ షాపులో ఏమైనా మందుంటే తెచ్చిపెట్టవూ?”

“సాలీడు పాకితే మందులుండవే” అంది పెర్సిస్, చెల్లెలి తల నిమురుతూ.

పాపం అనిపించింది, నిజమే. కానీ లోలోపల హాయిగానూ ఉంది. ఆ హాయికి తనకే భయం వేసింది. అయినా మాత్ర తేలేదు.

పెళ్ళి రోజున మండవల్లి చర్చి కిటకిటలాడింది. సిల్వియా పట్టుచీరలో, ఒక చేత్తో పూలగుత్తి, ఇంకో చేత్తో నోటికి అడ్డంగా రుమాలు పట్టుకుని తల దించుకుని నిలబడింది. ఆనంద్ పాల్ ఒక్కసారి అటు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. పెర్సిస్ ఆ చూపునే కనిపెట్టుకుని ఉంది. ఇన్నాళ్ళ కడుపుమంటా చల్లారింది.

పాటయ్యాక పాస్టరు జ్ఞానయ్యగారు పుస్తకం తెరిచి, సిల్వియా పక్కన మేలిముసుగులో ఉన్న పెళ్ళికూతురి వైపు తిరిగి, “పెర్సిస్, ఈ ఆనంద్ పాల్‌ని నీ భర్తగా అంగీకరిస్తున్నావా?” అని అడిగారు.