మొండి మెట్టు

ఆ పొద్దున ఆకాశం వాన మూటగట్టుకొచ్చి, కిందికి దించకుండా మొహం మాడ్చుకుని కూర్చుంది. సంగీతం గదిలో టీచరమ్మ మొహమూ అలాగే ఉంది.

“పాడండి తాతగారూ.”

“నేను పాడనమ్మా.”

“ఎందుకండీ?”

“నాకు రాదు. నా గొంతే అంత.”

బడి గంటకి ఇంకా ముప్పావుగంట ఉంది. మూడో పీరియడులో కమిటీవాళ్లు వచ్చి ఆమె పాఠం చూస్తారు. పిల్లలు కుదురుగా పాడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే సంగీతం పీరియడు కాస్తా లెక్కలకి పోతుంది. లెక్కల మాస్టారు అప్పుడే వచ్చి, తన నల్లబల్ల ఈ గోడకి పడుతుందో లేదో జానతో కొలుచుకుని వెళ్లాడు కూడా. ఇంత తలనొప్పిలో, అరవై అయిదు దాటిన ఈ మనిషి మూతి బిగించి కూర్చున్నాడు.

ఆయన్ని ఆమె నెత్తిన పెట్టింది హెడ్‌మిస్ట్రెస్. టీచరమ్మ ఊరికి కొత్త, ఉద్యోగానికి కొత్త. మొదటి ఏడాదంతా ఆమెకి ఏడుపుతోనే సరిపోయింది. నాలుగేళ్లు తాళంపడి ఉన్న గది. తుమ్మితే రాలే సున్నం. నొక్కితే కిందికి దిగిపోయి మళ్లీ లేవని మెట్టొకటున్న హార్మోనియం. నలభైమంది పిల్లలు, నలభై శ్రుతులు. రెండో ఏడాది మొదట్లో హెడ్‌మిస్ట్రెస్ ఈ పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది.

“రోజూ పొద్దున ఈయనకి కాస్త పాట నేర్పమ్మా.”

“పిల్లలతోనే నా పని అయిపోతోందండీ!”

“ఈయనకి నేర్పగలిగితే ఇంకెవరికైనా నేర్పగలవు.”

అది దీవెనో శాపమో ఆమెకి అర్థం కాలేదు. “ఆ తలుపు బిగుసుకుపోతుందండీ” అని ఆమె అనేలోపే, ఆయన తలుపు అడుగున కాలితో ఒక్క తన్ను తన్ని తెరుచుకుని లోపలికొచ్చాడు. ‘మొండితాత’ అని ఆ క్షణమే మనసులో పేరు పెట్టేసింది.

పేరుకి తగ్గట్టే ఉన్నాడు. మొదటి నెలంతా మాట మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. “ఆ మాటని నిండు గ్లాసనుకోండి. గుక్క పూర్తయ్యేదాకా దించకూడదు” అని చెప్పీ చెప్పీ ఆమె దవడలు నొప్పెట్టాయి. అది కుదిరిందనుకునేసరికి పరుగందుకున్నాడు. తాళం ఒక వీధిలో, తాత ఇంకో వీధిలో. దెబ్బకో అడుగు చొప్పున గది చుట్టూ నడిపించింది. ఆ తర్వాత పై స్థాయి వస్తే చాలు, గెడ్డమెత్తి కేక పెట్టేవాడు. చేయి కిందికి దించుతూ గొంతు పైకి పంపమంది. విచిత్రమేమిటంటే, దిద్దిన తప్పు మళ్లీ చేసేవాడు కాడు. మర్నాటికల్లా కొత్తది పట్టుకొచ్చేవాడు.

“తప్పుల దుకాణం పెట్టాడే అక్కా!” అని నిన్న ఫోనులో మొత్తుకుంది. “ఒకటి చెల్లిపోతే ఇంకోటి తెచ్చి పరుస్తాడు.”

“మానిపించెయ్యవే, పీడా పోతుంది.”

“రేపటి గండం గట్టెక్కనీ. మొదటి పని అదే.”

ఇవాళ్టి కొత్త సరుకు మౌనం. బతిమాలింది. కసిరింది. చివరికి విసిగిపోయి హార్మోనియం తనవైపు లాక్కుంది.

“సరే, పాడొద్దు. నేనే పాడుకుంటాను. తాళమైనా వేసి పుణ్యం కట్టుకోండి.”

తాళం వేశాడు. రెండో చరణానికి పెదవులు కదిలాయి. మూడోదానికి సన్నగా గొంతు కలిసింది. ఆమె చూడనట్టే పాడుకుపోయింది. చూస్తే మళ్లీ మూసేస్తాడని భయం.

“ఇవాళ్టికి చాలమ్మా,” అని లేచి వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

“ఇంటికి వెళ్లరా?”

“వానొచ్చేట్టుంది.”

మూడో పీరియడులో కమిటీవాళ్లు ముగ్గురు వెనక గోడవారగా కుర్చీలు వేయించుకున్నారు. పిల్లలు బెదిరిపోయి మొదటి పాదంలోనే మాట మధ్య ఊపిరి తీసుకున్నారు.

“నిండు గ్లాసు! గుక్క పూర్తయ్యేదాకా దించకూడదు!” అంది టీచరమ్మ. ఆ మాట దానంతటదే వచ్చేసింది. పిల్లలు నవ్వి సర్దుకున్నారు. ముందు వరస పరుగెత్తబోతే నిలబెట్టి అడుగులు వేయించింది. పై స్థాయికి ఆమె చేయి దించి చూపితే నలభై చేతులు కిందికి దిగాయి, గొంతులు పైకి లేచాయి.

“ఆ చివరి బెంచీ పిల్ల నోరే తెరవట్లేదేం?” అంది కమిటీలో కళ్లద్దాలావిడ.

“నాకు రాదు టీచర్,” అంది పిల్ల, కళ్లనిండా నీళ్లతో. “నా గొంతే అంత.”

టీచరమ్మకి పొద్దుటి బిగించిన మూతి గుర్తొచ్చింది. పిల్ల పక్కకి వెళ్లి బెంచీ మీద కూర్చుంది.

“పాడొద్దులేమ్మా. నాకు కాస్త తాళం వేసిపెడతావా?”

పిల్ల తాళం వేసింది. రెండో చరణానికి పెదవులు కదిలాయి. మూడోదానికి గొంతు కలిసింది. కళ్లద్దాలావిడ కలం మూసి, తనూ తాళం వేయసాగింది.

మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ క్యారియరు పట్టుకుని సంగీతం గదికి వచ్చింది. వెనకే మొండితాత.

“ఖాయం చేశారమ్మా. కూర్చో, తిందాం.”

బయట వాన దిగింది. ముగ్గురూ తినసాగారు. ‘రేపట్నుంచి రావద్దండీ’ అని చెప్పడానికి టీచరమ్మ మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లూ అందులో ముద్దే పెట్టుకుంది.

తాత చేయి కడుక్కుని తుడుచుకుని, హార్మోనియం దగ్గరికి నడిచాడు. కిందికి దిగిపోయిన మెట్టుని వాన వంక చూస్తూనే చిటికెనవేలి గోటితో పైకి లేపాడు.

“ముప్పయ్యేళ్లు ఈ గదిలో పాఠం చెప్పాను, ఈ ఒక్కటే నా మాట వినలేదమ్మా.”