పెరట్లో పగులు

“ఇంకో కొబ్బరిచెట్టు పోయిందండీ!”

ఆ ఇంటావిడ రత్నమాణిక్యం కేక విని వర్షిణి ఫోన్‌ను గోదావరివైపు తిప్పింది.

వర్షిణి రాజమండ్రిలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు. చెట్లూ గడ్డీ పెంచి, ఏరు కోసేస్తున్న ఈ లంకగట్టును నిలబెడతానని ఊరివాళ్లకు మాటిచ్చింది. ఏడు దేశాల ఆర్కిటెక్టులు ఆమెకు సాయం చేస్తున్నారు. వాళ్లలో ఒకామె, వియత్నాంలో ఉండే లిన్, ఇప్పుడు వీడియో కాల్‌లో ఉంది.

“ఈ ఒక్క వరద గట్టెక్కితే చాలు లిన్! వెదురు దడి కడతాం. ఎక్కడ కట్టాలో చెప్పు.”

“ఇంటి వెనక నేల చూపించు,” అంది లిన్.

వర్షిణి చూపించింది. పెరడు పొడుగునా బెత్తెడు వెడల్పు పగులు.

“దడి వద్దు. వాళ్లను ఇప్పుడే అక్కణ్ణుంచి తీసుకుపో.”

“ఏదో ఒక దారి ఉంటుంది! మనవాళ్లందర్నీ అడుగు, ప్లీజ్!”

“మెకాంగ్ ఒడ్డున నేనూ అలాగే అందర్నీ అడుగుతూ కూర్చున్నాను. ఆ గంటలోనే మా అక్క ఇల్లు ఏట్లో కలిసిపోయింది. అక్క లోపలే ఉంది.”

వర్షిణి కళ్లు తుడుచుకుంటూ ఫోన్ దించింది.

“ఏమంటున్నారండీ ఆవిడ? గట్టు నిలబడుద్దా?” రత్నమాణిక్యం ఆత్రంగా అడిగింది.

వర్షిణి ఏడుస్తూనే ఉన్నదంతా చెప్పింది. “క్షమించండి. నేను నిలబెట్టలేనండీ.”

రత్నమాణిక్యం ఒక్కసారి ఇంటివైపు చూసింది.

“ఆ అక్కగారికి పిల్లలున్నారా? ఇప్పుడెక్కడ ఉంటున్నారో అడగండి.”

వర్షిణి అడిగింది.

“ఏటి హోరు వినబడనంత దూరంలో,” అంది లిన్.

రత్నమాణిక్యం పాకలోకి వెళ్లి గేదె పలుపు విప్పింది.