కలబందలో పన్ను

“ముందు ఏడుపు బంద్ చెయ్యమను అమ్మా, నోరు చూడాలె,” అన్నాడు పండ్ల డాక్టర్ వాసుదేవ్.

కుర్చీలో ఉన్నది సుమన్, పందొమ్మిదేళ్ల పిల్ల. నేత షెడ్డులో మొగుడికి అన్నం డబ్బా ఇవ్వబోతే పవర్‌లూమ్ మీంచి, అటూ ఇటూ పోగు లాగే నాడె ఎగిరి మూతికి తగిలి, ముందు పన్ను ఊడిపోయింది. పక్కన అత్త నర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. డాక్టరంటే బెరుకు కాబోలనుకున్నాడు వాసుదేవ్.

“పన్ను పారేసిన్రా?”

నర్సమ్మ నడుం దగ్గర దోపుకున్న చీర ఒడిలోంచి ఒక కలబంద ముక్క తీసింది. నిలువునా చీల్చి, బీడీలు కట్టే దారంతో చుట్టి ఉంది. విప్పితే గుజ్జులో పన్ను.

“ఎంతసేపాయె?”

“రెండు గంటలు. నీలం నగర్ నుంచి నడ్సుకుంటనే వచ్చినం.”

రెండు గంటలు బయట ఉన్న పన్ను మీద అతనికి ఆశ లేదు. తీరా చూస్తే వేరు తడి ఆరలేదు. అతని ప్రాణం లేచి వచ్చింది.

“పాలల్ల వెయ్యమని మా బుక్కులల్ల ఉంటది. ఇది ఎవరు చెప్పిన్రు?”

“ఎవ్వలు చెప్పలే సాబ్. పాలల్ల పెట్టి చూస్తే ఇరిగినయి. కొబ్బరి నీళ్లు పులిసినయి. దీంట్ల సల్లగుంటది. దినాం పొద్దుగాల కొత్త ముక్కల మార్చాలె.”

“దినాం దేనికి? ఇయ్యాల్నే పెడుత కద,” అని నవ్వాడు.

పన్ను దాని చోట కూర్చోబెట్టి, పక్క పండ్లకు సన్నటి తీగతో కట్టాడు. అద్దం చూసుకుని సుమన్ మళ్లీ ఏడ్చింది, ఈసారి సంతోషంతో.

తను ఐదేళ్లు కాలేజీలో చదివాడు. బీడీలు చుట్టుకునే ఈమె ఒక్కతే పెట్టి చూసి, తప్పు దిద్దుకుని, మళ్లీ పెట్టి చూసింది. అతనికి నిజంగానే చేతులు జోడించాలనిపించింది.

“నీ కోడలి పన్ను నేను కాదమ్మా, నువ్వే కాపాడినవ్.”

“నిలుస్తదా?”

“నిలుస్తది.”

“పక్కానా సాబ్?”

“పక్కా.”

నర్సమ్మ కోడలిని లేపి తనే కుర్చీలో కూర్చుంది. ఒడిలోంచి ఇంకో కలబంద ముక్క తీసి అతని చేతిలో పెట్టి, నోటి మీది కొంగు దించింది.

“ఇగ నాది పెట్టు బిడ్డా, పదకొండేండ్ల సంది దాసిన.”