డ్రోన్ మీద మట్టిపెళ్లలు

సంతోషీ,

ఆమె పిచ్చిది కాదు. "అవ్వా, ట్రైనింగుల మేం డ్రోన్ ఎగిరేస్తుంటే దూరంగ గోదావరి ఒడ్డుకెల్లి ఒక పిచ్చి ముసల్ది మట్టిపెళ్లలు ఇసిరింది, క్లాసంత నవ్వినం" అని ఫోన్‌లో చెప్పావు. ఆ ముసలిదాన్ని నేనే. గురి కుదరలేదు, అందుకు చింతిస్తున్నాను.

విస్తరిలో అన్నం పెట్టి కాకుల కోసం గంటసేపు నిలబడ్డాం. మీ డ్రోన్ మోతకు ఒక్కటీ వాలలేదు.

మీ తాత పోయి ఆ రోజుకు మూడు రోజులు. "పిల్లకు చెప్పకు, పరీక్ష ఖరాబైతది" అని పోయేముందు నాతో ఒట్టు వేయించుకున్నాడు. నిన్నటితో నీ పరీక్ష అయిపోయింది.

ఆదివారం పదో రోజు. అదే ఒడ్డున మళ్లీ పెడతాం. గోదావరిఖని చౌరస్తాలో నాలుగు మిర్చి బజ్జీలు కట్టించుకొని పదింటికల్లా రా. చట్నీ వద్దు, ఆయనకు పడదు.

అవ్వ