మూడు గ్రాముల లెక్క

"రేపు పరీక్ష రాయను నాన్నా. అమ్మ పోయాక కెమిస్ట్రీ నా తలకెక్కడం లేదు," అంటూ అమ్మాయి లేచి గదిలో అటూ ఇటూ తిరిగింది.

నేను చరిత్ర మాస్టారిని. అయినా తన పుస్తకం తీసి ఒక లెక్క మొదలుపెట్టాను. మూడు గ్రాముల పదార్థాన్ని కాల్చారు, అందులో ఆక్సిజన్ ఎంతుందో కనుక్కోవాలి. వచ్చిన కార్బన్ డయాక్సైడులో, నీటిలో ఉన్న ఆక్సిజనంతా కూడితే దాదాపు అయిదు గ్రాములు తేలింది.

అమ్మాయి తొంగిచూసింది. "మూడు గ్రాముల్లో అయిదు గ్రాములెలా పడతాయి? కాల్చడానికి బయటినుంచి ఇచ్చిన ఆక్సిజన్ కూడా కలిపేశావు. అమ్మ కూడా అంతే, ఎప్పుడూ ఇక్కడే తప్పు చేసేది. నేనే దిద్దేదాన్ని."

అని ఆగిపోయింది. వాళ్లమ్మ ఇరవయ్యేళ్లు కెమిస్ట్రీ చెప్పింది.

"తెలిసే తప్పు చేసేదా నాన్నా?"



అమ్మాయి కళ్లు తుడుచుకుని నా చేతిలోంచి పెన్సిలు లాక్కుంది.

"నీది మాత్రం నిజంగానే తప్పు. జరుగు, తర్వాతి లెక్క నేను చేస్తాను."