పులస పైకప్పు

గ్రూపులో దొంగ పడ్డాడు. ఆ సంగతి కామేశానికి పొద్దున్నే ఫేస్‌బుక్‌లో ఖాయంగా తెలిసింది.

గోదావరి ఒడ్డున పర్యాటకుల పడవలకి కొత్త రేవు కట్టాలి. దాని నమూనా కోసం రాజమండ్రిలో కామేశం కంపెనీ, సామర్లకోటలో మరో కంపెనీ పోటీ పడుతున్నాయి. కామేశం టీమ్ పనంతా వాట్సాప్ గ్రూపులోనే. గీసిన బొమ్మ అందులోనే, సందేహం అందులోనే, మధ్యాహ్నం కూరేంటో కూడా అందులోనే. మెయిలంటే కామేశానికి ఒళ్ళుమంట.

ఆ సౌకర్యమే కొంప ముంచింది. పొద్దున గ్రూపులో పెట్టిన ఆలోచన సాయంత్రానికల్లా సామర్లకోట వాళ్ళ నమూనాలో తేలుతోంది. అందుకే నిన్న కామేశం ఎర వేశాడు. రేవుకి పులస చేప ఆకారంలో పైకప్పు గీసి, తోకతో సహా గ్రూపులో పెట్టాడు. బుద్ధున్నవాడెవడూ అలాంటిది కట్టడు.

"అద్భుతం సార్!" అని అందరికంటే ముందు హరిబాబు మెచ్చుకున్నాడు.

ఇవాళ సామర్లకోట కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో అదే పులస, అదే తోక. మొప్పలు మాత్రం అదనం.

కామేశం మండిపడుతూ గ్రూపులో రాశాడు: "ఈ గ్రూపులో ఒక దొంగ ఉన్నాడు. ఎవరో మర్యాదగా చెప్పండి."

మణిశంకర్ దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. "నేను కాదండి" అని రాసింది శ్రీదుర్గ. రోజూ తెల్లారేసరికి భీమేశ్వరుడి ఫొటోతో శుభోదయం చెప్పే హరిబాబు మాత్రం పెద్దమనిషి తరహాలో కలగజేసుకున్నాడు: "నా నోటితో పేరు చెప్తే బావోదండి. సొంతూరు సామర్లకోట ఎవరిదో మీరే చూస్కోండి."

అది శ్రీదుర్గ ఊరు.

పావుగంటలో ఆమె కామేశం గదిలో నిలబడింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇద్దరు తమ్ముళ్ళ చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

"లాప్‌టాప్ ఇచ్చేసి వెళ్ళమ్మా" అన్నాడు కామేశం.

"ఆ ఊళ్ళో పుడితే దొంగైపోతానాండీ?" అంటూ ఆమె కళ్ళు ఒత్తుకుంది.

"హరిబాబు గారు అనుభవం ఉన్న మనిషి. ఊరికే అనరు." కామేశం ఫోన్ తీసి గ్రూపు తెరిచాడు. "ఇందులోంచి కూడా నిన్ను తీసేస్తున్నాను. ఉద్యోగం మానేసినవాళ్ళు గ్రూపులో ఉండకూడదు."

శ్రీదుర్గ కళ్ళు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. ఏడుపు పోయి నవ్వొచ్చింది.

"అలాగైతే ముందు హరిబాబు గారిని తీసెయ్యండి సార్. ఆషాఢంలో ఆయనకి శాలువా కప్పి, కాజాలు పెట్టి, ఆ సామర్లకోట కంపెనీలో ఉద్యోగానికి సాగనంపాక, గ్రూపులోంచి తీసేస్తే మర్యాద కాదన్నది మీరే కదండీ!"