మీటరాయన

"ఏంటండీ, మా బ్యాటరీతో మీకేం పని?"

అడిగింది కళ్ళద్దాల షాపావిడ.

ఆమె టీ తాగి వచ్చేసరికి, తన రిమోట్ కారు మీదకు ఒక పెద్దాయన వంగి ఉన్నాడు. చేతిలో వోల్టులు చూసే మీటరు. దాని రెండు సూదులూ ఆమె బ్యాటరీకి ఆనించి ఉన్నాయి.

"ఇది మూడు సెల్లులదమ్మా. ఈ కారుకి పెట్టకండి" అన్నాడు తలెత్తకుండానే.

ప్రతి ఆదివారం పొద్దున ఆ పాత గోదాములో రిమోట్ కార్ల పోటీలు జరుగుతాయి. ఆయన్ని ఆమె రెండేళ్ళుగా చూస్తూనే ఉంది. ఆయనకు కారు లేదు. పోటీలో దిగడు, చప్పట్లూ కొట్టడు. ఛార్జింగ్ బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో బ్యాటరీనీ మీటరుతో పలకరిస్తూ ఉంటాడు.

అందరూ మీటరాయన అంటారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఆమె తమ్ముడు గబగబా వచ్చాడు. ఆ కొత్త బ్యాటరీ ముచ్చటపడి కొన్నది వాడే.

"కారు వేగం చూసుకునే స్పీడ్ కంట్రోలర్ మీద పన్నెండు వోల్టుల దాకా అని అచ్చేసి ఉంది కదండీ! సెల్లుకి మూడు పాయింట్ ఏడు. మూడిటికీ కలిపి పదకొండు చిల్లర. లెక్క సరిపోయింది."

"అది సగటు లెక్క బాబూ. ఛార్జింగ్ నుంచి ఇప్పుడే తీశారు. నిండుగా ఉన్నప్పుడు సెల్లుకి నాలుగు పాయింట్ రెండు. చూడండి."

మీటరు మీద 12.6 అని కనిపిస్తోంది.

"ఆ పాయింట్ ఆరుకే కొంప మునిగిపోతుందా?"

"మునగదు బాబూ. కాలుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది. తమ్ముడికి ఒళ్ళు మండింది.

"నవ్వకక్కా! మనం గెలవకూడదని ఎవరో పెట్టిన మనిషి ఈయన."

గొడవ విని పోటీలు నడిపే ఆయన వచ్చాడు.

"అదేంటి, ఈయన మీ బంధువు కాదా? నేనలాగే అనుకున్నానే."

చుట్టూ ఉన్నవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ప్రతివాళ్ళూ ఆయన ఇంకెవరి తాలూకో అనుకున్నవాళ్ళే.

"ఇంతకీ మీరెవరండీ?" ఆమె నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"ఎవరినీ కానమ్మా. ఊరికే చూసిపోదామని వస్తుంటాను."

"చూడ్డానికి వచ్చినవాళ్ళు చూసి వెళ్ళాలి. ముట్టుకోకూడదు" అన్నాడు తమ్ముడు.

ఆయన మీటరు వైర్లు నెమ్మదిగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పాపం, ఎంతోసేపు ఓర్చుకోలేదమ్మా అది" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

అన్నది కంట్రోలర్ గురించి అని ఆమెకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

తమ్ముడు ఆ బ్యాటరీనే బిగించాడు. మొదటి చుట్టు కారు బాణంలా దూసుకుపోయింది. తమ్ముడు గంతులేశాడు. రెండో చుట్టూ అంతే.

మూడో చుట్టులో టప్‌మని చప్పుడు. కారు కిందనుంచి సన్నగా పొగ. అగ్గిపెట్టెంత కంట్రోలర్ నల్లగా మాడి, ఉబ్బిపోయింది.

తమ్ముడు పరుగెత్తి బ్యాటరీ పీకేశాడు.

మరుసటి ఆదివారం ఇంకో రెండు కార్లు కాలాయి. ఆ పై వారం మరో రెండు. ఈసారి దారి అంచున పరిచిన స్పాంజికి నిప్పంటుకుంది. గోదాము యజమాని పరుగున వచ్చాడు.

"ఇంకొక్కసారి పొగ కనబడిందో, తాళం వేసేస్తాను. తర్వాత నన్ను అడగొద్దు."

మీటరాయన మళ్ళీ రాలేదు.

ఆమెకు ఒకటే సందేహం పట్టుకుంది. మూడు సెల్లుల బ్యాటరీలు నిన్నా మొన్నా వచ్చినవి కావు. మరి ఈ రెండేళ్ళూ ఒక్క కారూ ఎందుకు కాలలేదు?

ఒక్కొక్కరినే అడిగింది.

"నాది ఒకసారి తీసి పక్కన పెట్టేశాడండీ. చాదస్తం అనుకున్నా."

"నాదీ అంతే. తిట్టాను కూడా."

కాలిపోయిన అయిదు కంట్రోలర్లనీ సంచిలో వేసుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ఆమె రిపేరు షాపుకి వెళ్ళింది.

రిపేరావిడ ఒకదాన్ని విప్పి చూసింది.

"బ్యాటరీ ఎక్కువైంది. అవునూ, మీరు ఆ గోదాము వాళ్ళు కదూ? ఊళ్ళో అన్ని చోట్ల నుంచీ ఇవి వస్తాయి గానీ, మీ దగ్గర నుంచి ఒక్కటీ రాదే అనుకునేదాన్ని."

"ఒక పెద్దాయన చూసుకునేవారు. మీటరు పట్టుకుని..."

"బ్యాటరీని పలకరించి, తర్వాత మనిషిని పలకరిస్తారు. ఆయనేనా?"

"ఆయనే! మీకు తెలుసా?"

"తెలియకేం. ఈ కంట్రోలర్లు చేసే ఫ్యాక్టరీలోనే మేమిద్దరం పనిచేశాం. దీని మీద పన్నెండు అని ఉంది చూశారూ, ఆ అంకె ఆయన చెప్పిందే."

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఆయన ఇల్లెక్కడో చెప్తారా? వెళ్ళి ఓ మాట చెప్పుకుని, వెనక్కి పిలుచుకొస్తాం."

"పోయిన వారమే ఇల్లు ఖాళీ చేశారమ్మా. ఎటు వెళ్ళారో చెప్పలేదు. ఇక్కడ తనకు పనేం లేదన్నారు."

ఆమె మాడిన కంట్రోలర్ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"అయితే వీటిని తయారుచేసింది ఆయనేనా?" అడిగింది కళ్ళద్దాల షాపావిడ.

"తయారుచేసింది వేరేవాళ్ళమ్మా" అంది రిపేరావిడ. "ఎన్ని వోల్టుల దగ్గర చస్తుందో తేల్చడానికి ముప్ఫై ఏళ్ళ పాటు రోజుకి పదేసి కంట్రోలర్లని తన చేత్తో కాల్చడమే ఆయన ఉద్యోగం."